మూడో సీటు పోయింది, రెండో సీటు పోనివ్వకండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులకు,

నమస్కారం.

నేను విమానాల మరమ్మతు, నిర్వహణ పనిలో ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరైన ఇంజినీరుని. ఈ ఉత్తరం ఇంగ్లిష్‌లో రాసి ఢిల్లీకి పంపవచ్చు. కానీ మంత్రిగారు శ్రీకాకుళం నుంచి ఎన్నికైనవారు, తెలుగులో చదువుతారు. పైగా పిల్లల్ని అమెరికాలో ఉంచుకుని, ఏడాదికో రెండేళ్లకో పదిహేను గంటలు విమానంలో కూర్చుని వెళ్లొచ్చే తెలుగు తల్లిదండ్రులు లక్షల్లో ఉన్నారు. ఈ విషయం ముందు వాళ్లకు తెలియాలి. అందుకే అందరూ చదివేలా బహిరంగంగా రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ప్రయాణికుల విమానం గాలిలో ఉన్నంతసేపూ కాక్‌పిట్‌లో మెలకువగా ఇద్దరు పైలట్లు ఉండాల్సిందేనని, ఇందులో సడలింపుకు భారతదేశం ఒప్పుకోదని ఇప్పుడే, అధికారికంగా చెప్పండి.

రెండో పైలట్‌ను ఎవరు తీసేస్తామన్నారని మీరు అడగవచ్చు. ఇప్పుడు బాగా దూరం వెళ్లే విమానాల్లో ముగ్గురో నలుగురో పైలట్లు ఉంటారు. వంతులవారీగా నిద్రపోతారు, కాక్‌పిట్‌లో మాత్రం ఎప్పుడూ ఇద్దరుంటారు. కొత్త ఆలోచన ఏమిటంటే మొత్తం పైలట్లే ఇద్దరు. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి ఇద్దరూ ఉంటారు. మధ్యలో విమానం ఎత్తులో నిలకడగా పోతున్నప్పుడు ఒకరు వెళ్లి పడుకుంటారు, రెండోవారు ఒంటరిగా నడుపుతారు. ఎయిర్‌బస్ ఏ350 మీద ఈ దిశగా పని జరుగుతున్న సంగతి 2021లోనే బయటికొచ్చింది. ఆ మరుసటి ఏడాది, కాక్‌పిట్‌లో ఒక్కరితో నడిపే మార్గాన్ని పరిశీలించమని 40కి పైగా దేశాలు ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావోను అడిగినట్టు వార్తలొచ్చాయి. 2025లో యూరప్ భద్రతా సంస్థ ఈఏఎస్ఏ తన అధ్యయన ఫలితాలు ప్రకటించింది. నేటి కాక్‌పిట్లతో ఈ పద్ధతి ఇద్దరు పైలట్ల పద్ధతంత భద్రమైనదని తగినంతగా నిరూపించలేమని తేల్చింది. మంచిదే. అయితే నేటి కాక్‌పిట్లతో కాదన్నారు కాబట్టి రేపటి కాక్‌పిట్లతో మళ్లీ వస్తారు. ఆ ఏ350లు మన దేశంలో ఇప్పటికే ఎగురుతున్నాయి, ఇంకా ఎన్నో ఆర్డర్‌లో ఉన్నాయి. కాబట్టి ఇది యూరప్ వాళ్ల గొడవ అని ఊరుకునే వీలు మనకు లేదు.

ఈ ప్రతిపాదనను సమర్థించేవాళ్లు నాలాంటివాళ్ల నోరు మూయించడానికి ఒక మాట అంటారు: "ఫ్లైట్ ఇంజినీరుని తీసేసినప్పుడు కూడా ఇలాగే గగ్గోలు పెట్టారు. ఏమైంది? విమానాలు ఇంకా భద్రంగానే తయారయ్యాయి కదా." ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో చెప్పడానికే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఖర్చు పెడుతున్నాను.

కాక్‌పిట్‌లో మూడో సీట్లో కూర్చునే ఫ్లైట్ ఇంజినీరు ఏం చేసేవాడో ఇప్పటి పిల్లలకు తెలియదు. పాత బోయింగ్ 747లో కో-పైలట్ సీటు వెనక, కుడిపక్క గోడ మొత్తాన్నీ ఆక్రమించిన ఒక ప్యానెల్ ఉండేది. గేజీలు, స్విచ్‌లు, చిన్న చిన్న లైట్లు. ఏ ట్యాంకులో ఇంధనం ఎంత ఉంది, ఏ ఇంజిన్‌కి ఏ ట్యాంకు నుంచి పోవాలి, నాలుగు జనరేటర్ల మీద లోడు ఎంత, హైడ్రాలిక్ ద్రవం ఎంత మిగిలింది, క్యాబిన్‌లో గాలి పీడనం ఎంత, అన్నీ అక్కడే. ఆయన సీటు పట్టాల మీద కదిలేది. టేకాఫ్ సమయంలో ముందుకు తిరిగి ఇద్దరు పైలట్ల మధ్యకు వచ్చి, ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్లను సన్నగా సర్ది నాలుగు ఇంజిన్లనూ సమం చేసేవాడు. పైకి వెళ్లాక తన ప్యానెల్ వైపు తిరిగేవాడు. ప్రయాణం పొడవునా ఖర్చయిన ఇంధనాన్ని, ప్లాన్‌లో ఉన్న అంకెను పక్కపక్కన రాసుకుంటూ పోయేవాడు. విమానం ఎక్కేముందు టార్చి పట్టుకుని చక్రాల గూళ్లలోకి తొంగిచూసి, ఇంజిన్ల కింద నిలబడి చుట్టూ ఒక రౌండు కొట్టేదీ ఆయనే.

మాకు, అంటే కింద ఉన్న మెయింటెనెన్స్ వాళ్లకు, ఆయన విలువ విమానం దిగాక తెలిసేది. విమానం రికార్డు పుస్తకం టెక్ లాగ్‌లో స్నాగ్, అంటే లోపం, రాయడం ఒక ఎత్తు. రాయకుండా చెప్పే మాట ఇంకో ఎత్తు. "మూడో నంబర్ ఇంజిన్ ఆయిల్ రెండు గంటల నుంచి కొద్దికొద్దిగా తగ్గుతోంది. లిమిట్ లోపలే ఉందనుకో, అయినా నాకు నచ్చలేదు, ఒకసారి చూడండి" అనేవాడు. లిమిట్ దాటితే లైటు వెలుగుతుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. లిమిట్ లోపల ఉండగానే నచ్చకపోవడం అనేది ఆ సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికే తెలిసే సంగతి. ఈరోజు ఆ అంకెలను విమానమే గాలిలో ఉండగా కింద ఉన్న కంప్యూటర్లకు పంపుతోంది, వాటిని కూర్చుని చూసే ఇంజినీర్లున్నారు. ఈ ఒక్క పని నిజంగానే మెరుగైంది. అది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

ఆ సీటు ఎలా పోయిందో కూడా చెప్పాలి. అమెరికాలో 1948 నుంచి 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నుల బరువు దాటిన విమానాలకు ఫ్లైట్ ఇంజినీరు తప్పనిసరి. 1960లలో ఆ బరువు లెక్క తీసేసి, కాక్‌పిట్‌లో పని భారం ఎంతో చూసి సిబ్బందిని నిర్ణయించాలన్నారు. ఆ తర్వాత పైలట్ల సంఘాలకు, కంపెనీలకు ఏళ్ల తరబడి తగువు నడిచింది. చివరికి 1981లో అమెరికా అధ్యక్షుడు నియమించిన టాస్క్‌ఫోర్స్ అందరి వాదనలూ విని, కొత్త విమానాలను ఇద్దరు పైలట్లతో నడపడం భద్రమేనని తేల్చింది. అప్పటికే మూడు సీట్లతో తయారీలో ఉన్న బోయింగ్ 767లను రెండు సీట్లకు మార్చారు. ఆస్ట్రేలియాలో అన్సెట్ అనే సంస్థ ఒక్కటే మూడో సీటు కావాలని పట్టుబట్టి తీసుకుంది. ఇండోనేషియా గరుడ సంస్థ 1982లో ఇద్దరు పైలట్ల ఎయిర్‌బస్ ఏ300 నడపడం మొదలుపెట్టింది. 1989లో 747-400 వచ్చేసరికి పాత 747 కాక్‌పిట్‌లోని 971 లైట్లు, గేజీలు, స్విచ్‌లు 365కి తగ్గాయి. మన దేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లో తెచ్చిన ఏ300లో ముగ్గురు. ఎయిర్ ఇండియా 1986లో తెచ్చిన ఏ310లో ఇద్దరు. 1993లో 747-400 కూడా రావడంతో ఇక కొత్తగా ఫ్లైట్ ఇంజినీర్ల అవసరం లేకపోయింది.

ఆ నిర్ణయం తప్పని నేననను. సాక్ష్యం రెండు వైపులా చూడాలి. 1982 జూన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 జావా దగ్గర అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయి 37,000 అడుగుల నుంచి సుమారు 13,000 అడుగుల దాకా గ్లైడర్‌లా దిగింది. ఆ కాసేపూ ముగ్గురు మనుషులు పని పంచుకున్నారు, ఇంజిన్లను మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసే పనిలో ఫ్లైట్ ఇంజినీరు మునిగిపోయాడు. విమానం జకార్తాలో దిగింది, 263 మందీ బతికారు. ఇది చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. 1989 డిసెంబరులో అలాస్కాలో కేఎల్ఎం విమానానికి సరిగ్గా ఇదే జరిగింది. అది 747-400, ఫ్లైట్ ఇంజినీరు లేడు. వాళ్లూ ఇంజిన్లు స్టార్ట్ చేసుకుని ఆంకరేజ్‌లో క్షేమంగా దిగారు.

మూడో మనిషి ఉన్నా ప్రాణాలు నిలవని సందర్భాలూ ఉన్నాయి. 1972లో మయామి దగ్గర ఈస్టర్న్ సంస్థ ట్రైస్టార్ విమానంలో ఒక చిన్న బల్బు వెలగలేదని అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. విమానం మెల్లగా చిత్తడి నేలలోకి దిగిపోతున్న సంగతి ఎవరూ చూడలేదు. 1978లో పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ విమానం చక్రాల సమస్యతో గాలిలో దాదాపు గంటసేపు తిరిగింది. ఇంధనం అయిపోతోందని ఫ్లైట్ ఇంజినీరుకు తెలుసు. అన్నాడు కూడా. కానీ కెప్టెన్ వినేలా గట్టిగా చెప్పలేక నీళ్లు నమిలాడు. చనిపోయిన పదిమందిలో ఆయనా ఉన్నాడు. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి ఎలా చెప్పాలి, పెద్దవాడు ఎలా వినాలి అనే శిక్షణ ప్రపంచమంతా మొదలవడానికి ఆ ప్రమాదం ఒక ముఖ్య కారణం.

కాబట్టి మూడో సీటు పోవడం సబబే. అయితే అది సబబు కావడానికి కారణం అక్కడ ఇంకా ఇద్దరు మిగలడం. ఫ్లైట్ ఇంజినీరు చేతిలోని స్విచ్‌లు కంప్యూటర్‌కి వెళ్లాయి. ఆయన కళ్లు చేసే పని, అంటే పక్కవాడు ఏం చేస్తున్నాడో గమనించడం, మిగిలిన ఇద్దరికీ వెళ్లింది. ఒకరు నడుపుతుంటే ఒకరు చూస్తారు. ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గితే ఆ గమనించే పని పలచబడుతుంది, ఇద్దరి నుంచి ఒక్కరికి తగ్గితే అసలు లేకుండా పోతుంది. ఒకప్పుడు మనిషిని తగ్గించాం, ఏమీ కాలేదు కాబట్టి మళ్లీ తగ్గిద్దాం అనేవాళ్లు ఈ తేడాను దాటవేస్తున్నారు.

1978 జనవరి 1 రాత్రి ముంబై తీరాన్ని గుర్తు చేయక తప్పదు. దుబాయ్ బయల్దేరిన ఎంపరర్ అశోక అనే ఎయిర్ ఇండియా 747 శాంతాక్రజ్ విమానాశ్రయం నుంచి లేచి నిమిషంన్నర దాటగానే సముద్రంలో కూలింది. 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న, విమానం ఎటు వాలిందో చూపే పరికరం చెడిపోయి తప్పు చూపింది. ముందంతా చీకటి సముద్రం, బయట చూసి సరిచూసుకోవడానికి దిగంతం లేదు. విమానం కుడికి వాలిందనుకుని ఆయన ఎడమకు తిప్పుతూ పోయాడు. ఆ పరికరాన్ని నమ్మవద్దని చెప్పే ప్రయత్నం చేసింది వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరు. అప్పటికి క్షణాలే మిగిలాయి, ఫలితం లేకపోయింది. అయినా ఆ కాక్‌పిట్‌లో తప్పును తప్పుగా గుర్తించి నోరు తెరిచిన మనిషి ఒకడున్నాడు. విమానంలో ఇలాంటి పరికరాన్ని ఒకటి కాదు, మూడు పెడతాం. ఒకటి అబద్ధం చెబితే మిగతావి చూసి పట్టుకోవచ్చని. పరికరాల విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం మనుషుల విషయంలో ఒక్కరు చాలని ఎలా అనగలం?

పని మొత్తం కంప్యూటర్‌కే పోయిందనుకోవడం కూడా పొరపాటు. 2005 ఆగస్టులో హీలియోస్ సంస్థ 737లో క్యాబిన్ పీడనం స్విచ్ మాన్యువల్‌లో ఉండిపోయింది. విమానం పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి పైలట్లు స్పృహ తప్పారు, ఏథెన్స్ దగ్గర కొండల్లో కూలి 121 మంది చనిపోయారు. పాత మూడు సీట్ల విమానాల్లో క్యాబిన్ పీడనం చూడడం పూర్తిగా ఒక మనిషి బాధ్యత. ఇక 2010 నవంబరులో సింగపూర్ నుంచి లేచిన క్వాంటాస్ ఏ380లో ఒక ఇంజిన్ పేలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. తెర మీద హెచ్చరికలు వరదలా వచ్చాయి. వాటన్నిటినీ చదివి విమానం పరిస్థితి అర్థం చేసుకోవడానికి దాదాపు 50 నిమిషాలు పట్టింది. అదృష్టం ఏమిటంటే, ఆ రోజు పైలట్ల పనితీరును పరీక్షించడానికి వచ్చినవారితో కలిపి కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లున్నారు. అంత ఆధునికమైన విమానం, అంత గొప్ప ఆటోమేషన్. చివరికి అక్కరకొచ్చింది మాత్రం విమానం నడిపే హడావుడిలో లేకుండా ఆలోచించగల మనుషులే.

ఇంతవరకూ చెప్పినవి పక్కనపెట్టినా, మన దేశానికి ఈ ప్రతిపాదన మీద మాట్లాడే అర్హత 2010 మే నెలే ఇచ్చింది. ఆ నెలలో వారం తిరగకుండా రెండు ఘటనలు జరిగాయి. రెండూ దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737లే.

మొదటిది మే 22న మంగళూరు. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. కాక్‌పిట్ రికార్డర్‌లో మిగిలిన రెండు గంటల అయిదు నిమిషాల్లో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నట్టు తేలింది. గురక కూడా వినపడింది. నిద్రలేచాక బుర్ర పూర్తిగా పని చేయని ఆ మత్తు స్థితి, అతని నిర్ణయాల మీద ప్రభావం చూపి ఉండవచ్చని విచారణ నివేదిక రాసింది. విమానం రన్‌వే మొదలు దాటి చాలా దూరం వెళ్లాక నేలను తాకింది. అంతకుముందు కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని, అన్నాడు. కెప్టెన్ వినలేదు. టేబుల్‌టాప్ రన్‌వే చివర లోయ.

రెండోది ఆ తర్వాత కొద్ది రోజులకే, పుణె వస్తున్న విమానం. కెప్టెన్ టాయిలెట్‌కి వెళ్లాడు. పాతికేళ్ల కో-పైలట్ ఒంటరిగా ఉన్నాడు. సీటు సర్దుకోబోయి, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే కంట్రోల్ కాలమ్‌ను ముందుకు నెట్టాడు. విమానం ముక్కు కిందికి పెట్టి దూకింది. అతను బిత్తరపోయాడు, తలుపు తీయలేకపోయాడు. కెప్టెన్ ఎమర్జెన్సీ కోడ్ కొట్టి లోపలికి వచ్చి విమానాన్ని నిలబెట్టే లోపు దాదాపు 7,000 అడుగులు పడిపోయింది. లోపల ఉన్నవాళ్లందరూ బతికారు, కాబట్టి జనం మరిచిపోయారు. మీ కార్యాలయంలో ఆ ఫైలు ఉంటుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తులో నిలకడగా పోతున్న దశలో ఒకరు నిద్రలో, ఒకరు ఒంటరిగా. నిద్రలేచిన మనిషి కాసేపటికే ల్యాండింగ్ చేయాలి. ఒంటరిగా ఉన్న మనిషికి ఏదైనా అయితే తలుపు బయట ఉన్నవాడు లోపలికి రావాలి. ప్రతిపాదనలో ఉన్నది అచ్చంగా ఇదే. మనం దీన్ని కోరుకోకుండానే, పొరపాటున, 737లో చూశాం. ఇక 2015లో జర్మన్‌వింగ్స్ విమానంలో ఒంటరిగా మిగిలిన కో-పైలట్ తలుపు వేసుకుని తనతో సహా 150 మంది ఉన్న ఆ విమానాన్ని కొండకు గుద్దిన తర్వాత, కాక్‌పిట్‌లో కాసేపైనా ఒక్కరే ఉండకూడదని ఎన్నో దేశాలు నియమం పెట్టుకున్నాయి. కాసేపే ప్రమాదమనుకున్నదాన్ని గంటల తరబడి పెడతామంటున్నారు.

అహ్మదాబాద్ ప్రమాదాన్ని నేను ఈ వాదనలోకి కావాలనే తేవడం లేదు. నేనిది రాసే నాటికి తుది నివేదిక రాలేదు. ఆ కుటుంబాల దుఃఖాన్ని ఎవరి వాదనకూ వాడుకోకూడదు.

డబ్బు సంగతి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. సుదూర ప్రయాణానికి ఒకరో ఇద్దరో పైలట్లు తగ్గితే జీతాలు, హోటళ్లు, శిక్షణ అన్నీ మిగులుతాయి. పైలట్ల కొరత ఉన్న దేశంలో ఆ ఆశ ఇంకా ఎక్కువ. 2025 డిసెంబరులో ఏం జరిగిందో చూశాం. పైలట్ల విశ్రాంతి కోసం తెచ్చిన కొత్త డ్యూటీ గంటల నిబంధనలకు తగ్గట్టు రోస్టర్లు సిద్ధంగా లేక వేల విమానాలు రద్దయ్యాయి, ఎయిర్‌పోర్టుల్లో జనం సామాన్లతో నేలమీద పడుకున్నారు, చివరికి నిబంధనకే తాత్కాలికంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ఒత్తిడి వస్తే నియమం వంగుతుందని కంపెనీలకు తెలిసిపోయింది. అందుకే రెండో సీటు విషయంలో ఒత్తిడి రాకముందే గీత గీయమని అడుగుతున్నాను.

ఇందులో మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఏ తయారీదారైనా, ఏ విమానయాన సంస్థైనా ఇలాంటి అనుమతికి వస్తే, ఈఏఎస్ఏ ఒప్పుకుందనో, మరో దేశం ఒప్పుకుందనో ఆ కాగితం మీద మనం స్టాంపు వేయకూడదు. 1981లో అమెరికా చేసినట్టు ఒక కమిటీ వేయండి. అందులో పైలట్లు, నిద్ర మీద పని చేసే డాక్టర్లు, మెయింటెనెన్స్ ఇంజినీర్లు, ప్రయాణికుల తరఫువారు ఉండాలి. వాదనలు బహిరంగంగా వినాలి, నివేదిక జనానికి అందుబాటులో పెట్టాలి.

అలాగే ఫ్లైట్ ఇంజినీరుతోపాటు కాక్‌పిట్ నుంచి బయటికి పోయిన పరిజ్ఞానాన్ని తిరిగి తెచ్చే పని చేయండి. ఇప్పటి కుర్ర పైలట్లు తెలివైనవాళ్లు, నేను చాలామందితో పని చేశాను. అయితే ఒక్కో రకం విమానం నడపడానికి వాళ్లు చేసే టైప్ రేటింగ్ కోర్సుల్లో విమానం సిస్టమ్స్ పాఠం కంప్యూటర్ ముందు కూర్చుని మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు టిక్ పెట్టేదిగా మారింది. తెర చెప్పింది చేయడం నేర్పుతున్నాం, తెర ఎందుకలా చెబుతోందో నేర్పడం తగ్గించాం. ప్రతి కొత్త పైలటూ కొన్ని రాత్రులు హ్యాంగర్‌లో మాతోపాటు నిలబడి, పైకప్పు (కౌలింగ్) తెరిచిన ఇంజినూ, విప్పిన హైడ్రాలిక్ పంపూ చూడాలని నియమం పెట్టండి. హైదరాబాద్‌లో, శంషాబాద్‌లో అందుకు చోటు ఉంది, నేర్పేవాళ్లూ ఉన్నారు.

ఇంకో చిన్న విషయం, ఇది తెలుగు జిల్లాల పిల్లల గురించి. ఇంటర్ అయిన పిల్లలకు "ఫ్లైట్ ఇంజినీరు అవ్వచ్చు, విమానంలో తిరగొచ్చు" అని చెప్పి లక్షలు వసూలు చేసే కోర్సుల ప్రకటనలు నా దగ్గరకు తెచ్చి చూపించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. మన విమానయాన సంస్థల కాక్‌పిట్లలో ఆ ఉద్యోగం లేదు. వైమానిక దళంలో ఉంది. ఐఎల్-76 లాంటి రవాణా విమానాల్లో, ఎంఐ-17 హెలికాప్టర్లలో ఫ్లైట్ ఇంజినీర్లు ఇప్పటికీ పని చేస్తున్నారు. 2019లో ఫ్లైట్ లెఫ్టినెంట్ హీనా జైస్వాల్ ఆ బాధ్యత చేపట్టిన మొదటి మహిళ అయ్యారు. బయట ఉన్నది లైసెన్స్ తీసుకుని నేలమీద పని చేసే ఏఎంఈ, అంటే విమాన నిర్వహణ ఇంజినీరు ఉద్యోగం, అది గౌరవమైన వృత్తి. రెంటికీ తేడా చెబుతూ డీజీసీఏ తెలుగులో ఒక ప్రకటన వేస్తే ఎన్నో కుటుంబాల అప్పులు తప్పుతాయి.

అసలు విషయానికి వస్తే, ఐకావో మహాసభ మూడేళ్లకోసారి జరుగుతుంది. పోయినది 2025లో అయింది, మళ్లీ 2028లో. ఆ సభకు భారతదేశం తరఫున ఒక పత్రం వెళ్లాలి. మంగళూరు నివేదిక, పుణె నివేదిక రెండూ దానికి జతచేయాలి. ఆ పత్రం ఎప్పటికి సిద్ధమవుతుందో, రాసే కమిటీలో ఎవరెవరుంటారో వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మంత్రిగారు సభకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు
రిటైర్డ్ విమాన నిర్వహణ ఇంజినీరు,
హైదరాబాద్